తలుపు లేని కొలువు

చందానగర్‌లో సీతాబాయి ఇల్లెక్కడని అడిగితే, అడిగినవాడి వాలకాన్ని బట్టి దారి చెబుతారు. నూనె రాసి దువ్విన కుర్రాడైతే నవ్వుతూ చెబుతారు. తలవంచుకుని అడిగినవాడైతే ఒకసారి పైనుంచి కిందికి చూసి, గొంతు తగ్గించి చెబుతారు. మొదటివాడు పెళ్లి సంబంధం కోసం వచ్చాడు. రెండోవాడు జైలు నుంచి, కొలువు కోసం వచ్చాడు. ఇద్దరినీ సీతాబాయి ఒకే అరుగు మీద కూర్చోబెట్టి, ఒకే రకం ప్రశ్నలు వేస్తుంది. అప్పుడప్పుడు ఎవరు ఎందుకొచ్చారో కలగాపులగమై, పెళ్లికి వచ్చినవాడిని పట్టుకుని "ఎన్నేండ్లు లోపలున్నవ్ బిడ్డా?" అంటుంది. వాడు బిక్కమొహం వేస్తే కంగారేమీ పడదు. "ఇప్పటిదాంక పోకుంటే ఇగ పోతవ్ తియ్. లగ్గమే గద!" అని సర్దేస్తుంది.

నిరుటి వరకు ఆమెది ఒకటే వ్యాపారం, సంబంధాలు కలపడం. నోట్లో ఆకువక్క, చంకలో గొడుగు, కాళ్లకు కొడుకు పారేసిన క్యాన్వాస్ బూట్లు. శేరిలింగంపల్లి నుంచి పటాన్‌చెరు దాకా ఆమె కుదిర్చిన కాపురాలు పిల్లాపాపలతో ఉన్నాయి. వాటిలో కొన్ని పొద్దున లేస్తే కొట్టుకుంటాయి. వాటినీ ఆమె మంచి సంబంధాల్లోనే జమ కడుతుంది. "కొట్టుకుంటున్నరంటే కలిసే ఉన్నరు గద," అంటుంది.

ఆ పనిలో ఆమెకు రెండు పట్టింపులున్నాయి. సంబంధం మాట్లాడటానికి ముగ్గురు పోకూడదన్నది ఒకటి. మాట కుదరకముందు అవతలివాళ్లింట్లో మంచినీళ్లు తప్ప ఏదీ నోట పెట్టకూడదన్నది రెండోది. చాయ్ తాగారంటే ఒప్పుకున్నట్టే. అందుకే తనవాళ్లలో ఏ లోపమున్నా చాయ్‌కి ముందే చెప్పెయ్యాలి. పిల్లకు మెల్లకన్నున్నా, పిల్లగాడు తాగుబోతైనా సీతాబాయి దాచలేదని ఆమె శత్రువులు కూడా ఒప్పుకుంటారు. కాకపోతే ఎప్పుడు చెప్పాలో ఆమెకు బాగా తెలుసు. పొగడాల్సిందంతా పొగిడి, అవతలివాళ్లు మురిసిపోయి, చాయ్ గ్లాసులు లోపలి నుంచి బయల్దేరాక, గ్లాసు చేతికి అందే లోపల, గుటుక్కున చెప్పేస్తుంది.

ఇలా గౌరవంగా బతుకుతున్న మనిషి ఇంటికి ఒక పొద్దున గంగమ్మ వచ్చింది. ఒక అపార్ట్‌మెంట్‌లో మెట్లు తుడిచే పని ఆమెది. చీపురు గోడకు ఆనించి, కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"నీ సంబంధం నువ్వు వాపస్ తీస్కో సీతవ్వా."

సీతాబాయి నోట్లో ఆకు ఆగిపోయింది. "ఏ సంబంధమే?"

"మా ఆయిన. 'ఇనుమసొంటి పిలగాడు, కండ్లు మూస్కోని చేస్కో' అని కట్టవెట్టినవ్ గద! ఆ ఇనుమే ఎత్కపోయి జైలుకు వాయె. మొన్న ఇడిసిపెట్టిన్రు. నేనైతే గడప తొక్కనియ్యలే. మా అన్న తాన పంటున్నడు."

గంగమ్మ భర్త సాయిలు కొండాపూర్‌లో ఒక బిల్డరు గోదాముకు కాపలా ఉండేవాడు. పాత సామాన్ల దుకాణంవాడితో కలిసి ఆ గోదాములోని ఇనుప సలాకలే ట్రాలీకి ఎక్కించి దొరికిపోయాడు. రెండేళ్లు పడింది. ఊరంతా ఎరిగిన సంగతే.

"ఇప్పుడేమంటవ్ మరి? ఇడుపు కాయితమా?"

"నేనెందుకిడుస్త? పని దొరకవట్టి ఇంటికి రమ్మను. మర్యాదున్న పని. లేకుంటే ఆ పాత సామాన్లోడే మల్ల వట్కపోతడు. 'సోమారం నుంచి దుకాణంల కూసో' అని అప్పుడే కబురు వెట్టిండు. మల్ల గదే ఇనుము, మల్ల గదే జైలు." గంగమ్మ చీపురు తీసుకుంది. "తెచ్చింది నువ్వు. బాగు జేసిచ్చేది గూడ నువ్వే."

ఆమె వెళ్లాక సీతాబాయి చాలాసేపు అరుగు మీదే ఉండిపోయింది. తను కుదిర్చినవాళ్లలో పోట్లాడినవాళ్లున్నారు, అలిగి పుట్టింటికి పోయి వచ్చినవాళ్లున్నారు. కుండ చిల్లిపడిందని కుమ్మరి దగ్గరికి తెచ్చినట్టు మొగుణ్ని వాపసు తెచ్చినవాళ్లు మాత్రం ఇంతవరకు లేరు. సోమవారం లోపల సాయిలుకు కొలువు చూడకపోతే, గంగమ్మ కాపురంతో పాటు సీతాబాయి పేరు కూడా పాత సామాన్ల దుకాణానికే పోతుంది.

సాయంత్రం గంగమ్మ అన్న ఐలయ్య తన ఆటోలో సాయిలును తీసుకొచ్చాడు. సీతాబాయి లోపలి నుంచి "రాండ్రి" అని కేకేసింది. ఎవరూ రాలేదు. మళ్లీ కేకేసింది. చివరికి తనే లేచి, దగ్గరగా వేసివున్న తలుపు లాగి చూస్తే, గడప అవతల సాయిలు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనక ఐలయ్య నవ్వు ఆపుకుంటున్నాడు.

"బద్దలు గొట్టాల్నా ఏంది, తోస్తే వస్తది గదరా ఆ తలుపు!"

"ఆయన తొయ్యడవ్వా," అన్నాడు ఐలయ్య. "ఆడ ఒకలు తీస్తేనే లేశిండు, ఒకలు మూస్తేనే పండిండు. ఇప్పుడు మా బాత్రూం కాడ గూడ గిట్లనే నిలవడ్తడు. నేను పోయి తలుపు తీసి 'దయచేయండి బావగారూ' అనాలె."

సాయిలు కూడా నవ్వబోయాడు కాని నవ్వు సగంలోనే ఆగిపోయింది. మనిషి బాగా తగ్గాడు. సీతాబాయి అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి, పెళ్లికొడుకులను చూసినట్టే ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. ఆ తర్వాత అలవాటు ప్రకారం మొదటి ప్రశ్న వేసింది.

"చెప్పు బిడ్డా. నీకు ఎట్లాంటిది గావాలె?"

సాయిలు ఆమె మొహంలోకి చూశాడు. విడుదలయ్యాక కనబడ్డవాళ్లందరూ అతనికి పని చెప్పారు. హమాలీ చెయ్యమన్నారు, వాచ్‌మన్‌గా ఉండమన్నారు. ఎట్లాంటిది కావాలని మాత్రం ఎవరూ అడగలేదు.

"తలుపు లేంది," అన్నాడు చివరికి.

"తలుపు లేంది?"

"తలుపు ముంగట నిలవడే పని వద్దవ్వా. తలుపుకు బయట నిలవడ్డ, లోపట నిలవడ్డ. ఇగ సాలు."

"లోపల ఏం పని జేయించిన్రు?"

"కూరగాయలు. వంకాయ, తోటకూర. గోడకు లోపట్నే గని..." సాయిలు తల పైకెత్తాడు. "పైన మొగులుంటుండె."

ఐలయ్య తొడ చరిచాడు. "విన్నవా అవ్వా! ఇల్లు రానియ్యని పెండ్లికొడుకు, షరతులు సూడు!"

మర్నాడే సీతాబాయి బూట్లు వేసుకుని మాదాపూర్ బస్సెక్కింది. కొలువులన్నీ ఇప్పుడు అటే పుడుతున్నాయని ఊళ్లో అందరూ అంటున్నారు. దిగి చుట్టూ చూసింది. బండలు పేల్చిన చోటల్లా అద్దాల మేడలు లేస్తున్నాయి. మేడకో గేటు, గేటు దగ్గర అడ్డంగా ఓ కర్ర, అది దాటితే అద్దం తలుపు, దాని వెనక మెడలో వేలాడే కార్డు గీస్తే తప్ప తెరుచుకోని ఇంకో తలుపు. తలుపు లేని కొలువు వెతకడానికి రాష్ట్రం మొత్తమ్మీద ఇంతకన్నా తప్పు చోటు దొరకదు.

అయినా సీతాబాయి పద్ధతి మార్చుకునే మనిషి కాదు. ఒక ఇంటి గుణం తెలియాలంటే ఎదురింట్లో కూర్చోవాలి. అందుకని మేడల ఎదురుగా చాయ్ బండి పెట్టుకున్న పుణ్యవతి పక్కన రాయి మీద చేరింది. ఏ ఆఫీసువాళ్లు జీతం వేళకిస్తారు, ఏ సారు అరుస్తాడు, ఎక్కడ చేరినవాడు ఎన్నాళ్లుంటున్నాడు అంటూ ఒక్కో మేడ గోత్రం అడిగింది. పుణ్యవతి గ్లాసులు కడుగుతూ అన్నింటి జాతకం విప్పింది.

"ఆ నీలి అద్దాలది మంచిదే గని, గడ్డి కాడ మాలి నిలవడ్తలేడు. వచ్చినోడు వచ్చినట్టే ఉరుకుతున్నడు. అగో, ఆ సారే మనుషులను వెట్టేది."

రోడ్డు దాటి వస్తున్న ఆ సారు పేరు యశ్వంత్. అనంతపురం అబ్బాయి. మెడకు టై, నడుముకు పేజర్. ఆఫీసులో మెషీన్ కాఫీ ఊరికే ఇస్తున్నా పుణ్యవతి చాయ్‌కే వస్తాడు. సీతాబాయి అతన్ని నిలబెట్టి పేరు, ఊరు, అమ్మానాన్నలు, అన్నదమ్ములు, పెళ్లైందా లేదా అన్నీ వరసగా అడిగింది. ఆఖరి ప్రశ్నకు యశ్వంత్ గ్లాసు దించేశాడు.

"నాకిప్పుడే వద్దమ్మా. ఇంగా రెండేండ్లు పోనీ."

"నీకెవలిస్తున్నరు బిడ్డా? నేను మీ ఆఫీసుకు జూస్తున్న. మాలి గావాల్నంట గద?"

యశ్వంత్ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, శుక్రవారం పదకొండుకు మనిషిని తీసుకురమ్మన్నాడు. పదకొండుకు వర్జ్యమని, పన్నెండు దాటాక వస్తామని సీతాబాయి చెప్పింది. ఆ అబ్బాయి తలూపాడు. ఇంటర్వ్యూ టైము అవతలివాళ్లు పెట్టడం అతనికి ఉద్యోగంలో అదే మొదటిసారి.

శుక్రవారం నాడు సీతాబాయి, సాయిలు, గంగమ్మ బయల్దేరారు. గంగమ్మ రానంది. "ఇల్లెట్లుందో ఆడోళ్లే జూడాలె" అని సీతాబాయి లాక్కొచ్చింది. అప్పటికి ముగ్గురయ్యారు. ముగ్గురు పోకూడదు కాబట్టి ఐలయ్య కూడా మీటరు ఆపేసి పెద్దమనిషిగా మారాడు. ఆటోలో గంగమ్మ ఒక చివర కూర్చుంది. పక్కన చోటున్నా సాయిలు ముందుకెళ్లి ఐలయ్య సీటు అంచున వేలాడాడు. అతని ఒంటి మీద పెళ్లినాటి చొక్కా. వదులుగా ఉంది కాని మడత నలగలేదు. దాన్ని ఇస్త్రీ చేయించి అన్న చేత పంపిన మనిషి, చొక్కా కేసి చూడకుండా రోడ్డు కేసి చూస్తూ కూర్చుంది.

గేటు దగ్గర గార్డు అడిగాడు. "ఇంటర్వ్యూ ఎవరికి?"

"అందరికి," అంది సీతాబాయి.

లోపల పెద్ద అద్దం తలుపు ఎదురైంది. సాయిలు అలవాటు చొప్పున చేతులు కట్టుకుని దాని ముందు నిలబడ్డాడు. తలుపు దానంతటదే రెండుగా విడిపోయింది. ఎవరు తీశారా అని సాయిలు వెనక్కి చూశాడు, పక్కకు చూశాడు.

"బావా, నీకోసమే కట్టిచ్చిన్రే ఈ మేడ!" అన్నాడు ఐలయ్య.

ఒక మాలి పనికి నలుగురు వస్తారని యశ్వంత్ అనుకోలేదు. ఇంకో కుర్చీ తెప్పించాడు. మర్యాదస్తుడు కాబట్టి మెషీన్ నుంచి నాలుగు కాఫీలు కూడా తెప్పించి బల్ల మీద పెట్టించాడు. తాగమన్నాడు. ఎవరూ ముట్టలేదు. మళ్లీ తాగమన్నాడు.

"తాగుతం, తాగుతం. మాట కానియ్యి," అని సీతాబాయి ఎత్తుకుంది. సాయిలు పెద్దగా మాట్లాడడంది. మొక్కంటే ప్రాణమంది. అతను పెంచిన వంకాయలను ఆమె చూసిన పాపాన పోలేదు గాని, వాటి నిగనిగ కళ్లకు కట్టించింది.

"ఇంతకుముందు యాడ చేసినాడమ్మా?"

"సర్కారు తోటల."

"ఏ తోట?"

"చెప్త బిడ్డా, ఆడికే వస్తున్న." ఆమె లెక్కలో ఇంకో రెండు పొగడ్తలు మిగిలి ఉన్నాయి. అవి కాగానే జైలు.

ఆమె లెక్కకు రానిది ఒకటే. జైల్లో రెండేళ్లుగా సాయిలుకు, ముందు పెట్టిన దాన్ని పెట్టినట్టే తినెయ్యడం, తాగెయ్యడం అలవాటైంది. ఆలస్యం చేస్తే విజిల్ వేస్తారు, ఉన్నది ఉన్నట్టు లేవాలి. చాయ్ సంగతి అతనికి సీతాబాయి చెప్పనూ లేదు. ఆమె మాటలతోనే తోటకూర కట్టలు కడుతుండగా సాయిలు కప్పు అందుకున్నాడు. అది పెదవుల దగ్గరికి పోతుండగా సీతాబాయి కళ్లబడింది.

"ఆగు! తాగకురా!"

ఆ గదిలో అంత గట్టిగా ఎవరూ ఎప్పుడూ అరవలేదు. అద్దాల అవతల కంప్యూటర్ల ముందున్నవాళ్లు కూడా తలలెత్తారు.

"సారూ, ఈడు జైలుకు వోయొచ్చిండు! ఇనుము దొంగతనం. రెండేండ్లు. సర్కారు తోటంటే గా జైలు తోటే. ఇగ తాగురా... వద్దు, ఆగు! సారేమంటడో ఇని తాగు!"

కప్పు గాలిలోనే ఆగిపోయింది. గంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఐలయ్య ఏసీ వైపు చూస్తూ కూర్చున్నాడు. యశ్వంత్ కాసేపు టై సర్దుకున్నాడు.

"సరేమ్మా. మా సారును అడిగి... కనుక్కుని కబురు చేస్తా."

సీతాబాయి ఈ వాక్యాన్ని ఎన్ని ఇళ్లలో విన్నదో ఆమెకే తెలియదు. ఇంటికి పోయి కబురు చేస్తామన్నవాళ్ల నుంచి ఇంతవరకు కబురు వచ్చింది లేదు. ఆమె లేవలేదు సరికదా, కుర్చీ ముందుకు జరుపుకుంది.

"మంచిది. మా లోపం మేం జెప్పినం. ఇగ మీది జెప్పు."

"మాదా?"

"సంబంధమన్నంక రెండు దిక్కుల జెప్పుకోవాలె గద. మాలీలు ఎందుకు నిలవడ్తలేరు మీ తాన?"

యశ్వంత్ అటూ ఇటూ చూసి, లేచి వెళ్లి గది తలుపు మూసి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "కింద అంతా బండమ్మా. పైన జానెడు మన్ను పోసి గడ్డి పరిచినారు. నీళ్ల ట్యాంకరు వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. గడ్డి ఎండితే మా సారు మాలిని తిడతాడు. పోయిన నెల ఫారిన్ వాళ్లు చూడనీకి వస్తాండారని..." ఆగిపోయాడు.

"చెప్పు, చెప్పు. ఇంకా చాయ్ తాగలే."

"ఎండిన గడ్డికి పచ్చ పెయింటు కొట్టించినాం."

ఐలయ్య నవ్వు ఆపుకోలేక బల్ల మీద వాలిపోయాడు.

"అంటే మీరు గూడ దగా జేసినట్టే గద బిడ్డా?"

"దానికి జైలు లేదు కదమ్మా!"

"దొరకలే గాబట్టి."

యశ్వంత్‌కు కూడా నవ్వొచ్చింది. నవ్వుతూనే సాయిలు వైపు తిరిగాడు. మెల్లగా నవ్వు తగ్గించి అడిగాడు. "నువ్వు చెప్పప్పా. ఎందుకు చేసినావు ఆ పని?"

సాయిలు కప్పును బల్ల మీద పెట్టాడు. "ఆ గోదాంకు కాపలా నేనే సార్. తాళంచెవి నా చేతిలనే ఉండె. ఆ దుకాణపాయన తియ్యమన్నడు, తీసిన." కప్పును ఇంకాస్త దూరం జరిపాడు. "ఆయన జెప్పిండని గాదు. నాగ్గూడ ఆశయింది."

గంగమ్మ కొంగు కిందికి దించింది. కోర్టులోనైనా, జైలు ములాఖత్‌లో ఇనుప జాలీ దగ్గరైనా ఈ రెండేళ్లూ సాయిలు ఒకటే పాట పాడాడు, వాడు చెప్పాడు నేను చేశాను అని. ఆశ అన్న మాట అతని నోట ఆమె వినడం ఇదే మొదలు. ఈ పొద్దు మొదటిసారి ఆమె అతని మొహం కేసి చూసింది.

"పనిస్తే మాత్రం, నీ చేతికి ఏ తాళమూ ఇయ్యను," అన్నాడు యశ్వంత్. "స్టోరుది, గేటుది, ఏదీ."

"వద్దు సార్," అన్నాడు సాయిలు ఆత్రంగా. "గదే గావాలె నాకు."

యశ్వంత్‌కు ఈ జవాబు అర్థం కాలేదు. సీతాబాయికి అయింది. వక్క నమలడం ఆపి, వేడి చల్లారకముందే బేరం బిగించింది.

"ఒక నెల చూస్తానమ్మా, ఆ తర్వాత..." అన్నాడు యశ్వంత్.

"నెల జూసి వాపస్ పంపనీకి కోడిపుంజా? దసరా దాంక జూడు. అప్పటికి రంగెయ్యకుండ పచ్చగుంటే పక్కా జెయ్యి. పేరు మీ ఆఫీసుల్నే ఉండాలె, నడిమిట్ల ఏ గుత్తెదారు చేతిల వెట్టొద్దు. ట్యాంకరు నువ్వు తెప్పియ్యాలె. నీళ్లియ్యకుండ గడ్డి ఎండిందంటే ఒప్పుకోం."

యశ్వంత్ ఐలయ్యను చూశాడు, గంగమ్మను చూశాడు. ఆఫీసు తరఫున తను ఒక్కడే ఉన్నాడు. "సరే," అన్నాడు. "సోమవారం రమ్మను. మా సారుకు నేను చెప్పుకుంటా."

"జైలు సంగతి గూడ జెప్పాలె."

"చెప్తానమ్మా."

"ఆయన చాయ్ తాగకముందే జెప్పు." సీతాబాయి సాయిలు వైపు తిరిగింది. "ఇగ తాగు."

నలుగురూ తాగారు. చల్లగా, చక్కెర లేకుండా, నోరంతా చేదుగా ఉంది. "దీని కోసమా గింత లొల్లి!" అని గొణిగాడు ఐలయ్య.

గుమ్మం దాకా సాగనంపిన యశ్వంత్ కాస్త నసిగాడు. "అమ్మా, ఊరికే అడుగుతాండా. మా ఊరి దిక్కు సంబంధాలు కూడా మీకు తెలుస్తాయా?"

"ఇప్పుడే వద్దంటివి గద? అయినా గడ్డికి రంగేసినోనికి పిల్లనెవలిస్తరు బిడ్డా! దసరా కానియ్యి, జూద్దం."

తిరిగి వెళ్లేటప్పుడు ఆటో సర్దుబాటు మారింది. సీతాబాయి అందరికన్నా ముందు పోయి, గొడుగుతో సహా ఐలయ్య పక్కన ఇరుక్కుని కూర్చుంది. ట్రాఫిక్ పోలీసు చూస్తే తనే మాట్లాడతానంది. వెనక సీటు దగ్గర సాయిలు ఎక్కాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. గంగమ్మ పక్కనున్న సంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది. దారిలో పాత సామాన్ల దుకాణం వచ్చింది. దుకాణంవాడు సాయిలును చూసి చెయ్యెత్తాడు. ఐలయ్య ఆ వీధి దాటేదాకా హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు.

గంగమ్మ ఇల్లు ఒక్క గది. తలుపుకు తాళం వేసి ఉంది. సాయిలు దిగి, గడప దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఐలయ్య "దయచేయండి బావగా..." అంటూ ముందుకు ఉరకబోతే సీతాబాయి గొడుగు వంకీతో అతని కాలరు పట్టి వెనక్కి లాగింది.

గంగమ్మ బొడ్లోంచి తాళంచెవి తీసింది. తాళంలో పెట్టలేదు. సాయిలు చేతిలో పెట్టింది.

"ఎవలొచ్చి తీస్తరనుకుంటున్నవ్? తియ్."

సాయిలు తాళంచెవిని అటూ ఇటూ తిప్పి చూశాడు. తాళం పాతది, ఒక పట్టాన రాలేదు. గంగమ్మ తొందరపెట్టలేదు. సీతాబాయికి ఇలాంటి నిశ్శబ్దాలు గిట్టవు.

"తలుపు లేంది గావాలంటివి గదరా?" అంది.

తాళం ఊడి వచ్చింది. సాయిలు తలుపు తోశాడు.

"అది కొలువుకవ్వా," అన్నాడు. "ఇది ఇల్లు గద."

గంగమ్మ అతన్ని దాటుకుని లోపలికి పోయి స్టవ్ వెలిగించింది. "చాయ్ వెడుతున్న, ఉండుర్రి," అని కేకేసింది. సీతాబాయి గడప మీద చతికిలబడి బూట్లు విప్పింది. ఇంక చెప్పాల్సిన లోపాలేవీ ఆమె దగ్గర మిగల్లేదు.